మోకాలమ్మ పిడికిలి

నాకు కోపమెక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. కాలేజీలో పిల్లలు నా వెనకాల "మిరపకాయ మేడం" అనుకుంటారు. ఆ మాట నా చెవిన పడిందని వాళ్ళకి తెలీదు. నేను వైద్య కళాశాలలో అనాటమీ చెప్తాను. శవాల్ని కోసి, చర్మం కింద ఏది ఎక్కడుందో, ఎటు నుంచి ఎటు పోతుందో చూపించడం నా పని. ఈ ఏడాది దాకా ఆ హాల్లో నాకు ఒక్కసారి కూడా భయం వెయ్యలేదు. నా గొడవలన్నీ బతికున్నవాళ్ళతోనే.

మా డిసెక్షన్ హాలు పొడుగ్గా ఉంటుంది. పైన ఎత్తుగా కిటికీలు, కింద రాతి బల్లలు, బల్లల చుట్టూ ఇనప స్టూళ్ళు. ఒక మూల సింకు, దానికి ఎప్పుడూ కారుతూనే ఉండే కుళాయి. లోపలికి అడుగు పెట్టగానే, శవాలు కుళ్ళకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండుతాయి. కొత్త పిల్లలు మొదటి రోజు ముక్కు మూసుకుని, రెండో రోజు చీదుకుంటూ, మూడో రోజుకల్లా అక్కడే నుంచుని సినిమాల గురించి మాట్లాడుకుంటారు. నాకైతే ఇంటికెళ్ళాక కూడా చీర కొంగులో ఆ వాసన వస్తూనే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం పొత్తికడుపు, తొడ నరాల పాఠం. నరం అనగానే జనం చేతి మీద పచ్చగా ఉబ్బి కనిపించేది అనుకుంటారు. కాదు. నేను చెప్పే నరం తెల్లగా, తడిసిన నూలు దారంలా ఉంటుంది. నడుం దగ్గర వెన్నెముకలోంచి బయల్దేరి, డొక్క చుట్టూ తిరిగి, కండరాల పొరల మధ్య నుంచి దూరి, గజ్జ దగ్గర బయటికి వచ్చి, పొత్తికడుపు కింద భాగానికీ తొడ లోపలి వైపుకీ పోతుంది. అక్కడ చీమ పాకినా, వేడి తగిలినా మనకి తెలిసేది దాని వల్లే. కొవ్వులో, పొరల్లో కలిసిపోయి ఏది నరమో ఏది పీచో తెలీకపోతే మేం ఒకటే పని చేస్తాం. ఫోర్సెప్స్ అనే చిన్న పట్టకారుతో పట్టుకుని మెల్లిగా లాగుతాం. ఇక్కడ లాగితే అక్కడ ఎక్కడ కదిలిందో చూస్తాం. ఎటు పోతోందో అదే చెప్తుంది.

"లాగండి, కానీ తెంపకండి," అని పిల్లలకి అరిచి అరిచి నా గొంతు పోయింది.

కిటికీ కింద బల్ల మీదున్న ఆవిడ్ని పిల్లలు మోకాలమ్మ అనేవాళ్ళు. అలా పేర్లు పెడితే తంతానని చెప్పాను. చెప్పి చెప్పి చివరికి నాకూ అదే అలవాటైపోయింది. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన శవం. ఎవరూ అడగలేదు, ఎవరూ తీసుకెళ్ళలేదు. వచ్చినప్పుడు కుడి మోకాలు కడుపు వైపు ముడుచుకుని ఉంది, కుడి అరచెయ్యి గజ్జ మీద అదిమి పెట్టుకుని ఉంది. మా అటెండరు బాబాయి నానా తంటాలు పడి కాలు సగం చాపాడు. చెయ్యి మాత్రం వదిలితే చాలు, మళ్ళీ అక్కడికే వచ్చేది. ఆఖరికి దాన్ని పక్కకి లాగి, కట్లు కట్టే గాజుగుడ్డతో బల్ల కాలికి కట్టేశాడు.

"ఈవిడకి మొండితనం ఎక్కువమ్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"నొప్పి ఎక్కువై ఉంటుంది," అన్నాను. ఊరికే అన్నాను. కుడి గజ్జ మీద ఒక పాత కోత మచ్చ ఉంది. హెర్నియా ఆపరేషనుది.

పిల్లలు వెళ్ళిపోయాక మర్నాటి పరీక్షకి బల్లలు సిద్ధం చేస్తున్నాను. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ధమనికి ఎర్ర దారం, సిరకి నీలం దారం, నరానికి పసుపు దారం కడతాం. దారం కట్టినదాని పేరేమిటో పిల్లలు చెప్పాలి. మోకాలమ్మ నరానికి పసుపు దారం కడదామని వంగాను. అప్పుడే ఫోను మోగింది. చెల్లి.

మా చెల్లి సిటీ బస్సు నడుపుతుంది. నడిపేది అనాలి. కుడి వైపు హెర్నియా ఉంటే మా అన్నయ్య ఆపరేషను చేశాడు. మా అన్నయ్య ఊళ్ళో పేరున్న సర్జను, పొద్దున పెద్దాసుపత్రిలో, సాయంత్రం సొంత క్లినిక్‌లో. అందరూ బంగారు చేతులంటారు. ఆ బంగారు చేతులు పడ్డప్పటి నుంచి చెల్లికి పొత్తికడుపు కింద నుంచి తొడ లోపలి దాకా కాల్చిన కడ్డీ పెట్టినట్టు మంట. నిలబడలేదు. కాలు చాపలేదు. బ్రేకు మీద కాలు పెడితే కళ్ళమ్మట నీళ్ళు. చీర కుచ్చిళ్ళు తగిలినా ఓర్చుకోలేదు. అన్నయ్య పరీక్ష చేసి, స్కానింగు తీయించి, "ఏమీ లేదు, నీ మనసులోనే ఉంది," అన్నాడు. ఇంట్లో అందరికీ అదే చెప్పాడు. వదిన అయితే "మీ చెల్లికి డ్యూటీ బద్ధకం," అని నవ్వింది.

"అక్కా," అంది చెల్లి. గొంతు బొంగురుపోయింది. "డిపో వాళ్ళు అన్నయ్యనే అడిగారంట. ఒంట్లో ఏ లోపమూ లేదని రాసిచ్చాడు. ఈ నెలాఖరుకి బండెక్కకపోతే నన్ను తీసేస్తారు."

"వాడు అలా రాశాడా?"

"నేను నాటకాలాడుతున్నానా అక్కా? నువ్వు చెప్పు. నీకు శరీరం గురించి తెలుసు కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాని భర్త పోయాక ఆ స్టీరింగు పట్టుకునే ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఏడవకు, నేను చూసుకుంటానని ఫోను పెట్టేసి, ఆ కోపంలోనే మోకాలమ్మ మచ్చ కింద పొర ఎత్తాను. నరాన్ని పట్టుకుని మెల్లిగా లాగాను.

కదల్లేదు.

ఎక్కడో పట్టేసింది. కొవ్వు తుడిచి చూశాను. నరం మధ్యలో, దాన్ని పిసికేసి, నల్లటి దారం. ఆపరేషన్లలో కుట్లు వేసే దారం. కండరాన్ని కుట్టబోయి నరాన్ని కూడా కలిపి ముడేసేశారు. ఆ ముడికి పైనున్న నరం ఉబ్బి ఉల్లికాడ గడ్డలా అయింది. ఈ మనిషి బతికున్నంత కాలం ఎంత అనుభవించి ఉంటుందో ఆ ఉబ్బు చూస్తే చాలు. మోకాలు ముడుచుకుంటే నరం వదులవుతుంది, మంట కాస్త తగ్గుతుంది. అందుకే ఆ కాలు, అందుకే ఆ చెయ్యి.

నేను చూస్తున్నది ముడిని. రెండుసార్లు మెలి, ఎడమ వైపుకి లాగుడు, చివర్లో అక్కర్లేని ఇంకో ముడి. మా అన్నయ్యది ఎడంచేతి వాటం. చిన్నప్పుడు అమ్మ పనికి వెళ్ళిపోతే మా ఇద్దరికీ జడలకి రిబ్బన్లు వాడే కట్టేవాడు. ఊడకుండా చివర్లో ఇంకో ముడి వేసేవాడు. సాయంత్రం అది ఊడదీయడానికి జుట్టు పీక్కునేవాళ్ళం. ఆ ముడి నాకు చీకట్లో తడిమినా తెలుస్తుంది.

అప్పుడే అన్నయ్యకి ఫోను చేశాను.

"నువ్వు ఒకసారి మా హాలుకి రా. నీ చేతి పని ఒకటి చూపించాలి."

"పేషెంట్లున్నారే. రేపు చూద్దాం."

"రేపు తప్పకుండా రావాలి. చెల్లి సంగతి."

"మళ్ళీ అదేనా? నువ్వూ దానికి వంత పాడుతున్నావా?" అని పెట్టేశాడు.

బయట మబ్బు పట్టింది. హాల్లో సాయంత్రమే మసక చీకటి కమ్ముకుంది. కుళాయి ఒక్కటే టప్... టప్... అంటోంది. తడిబట్ట కప్పుదామని మోకాలమ్మ మీదికి వంగాను. ఫార్మలిన్ వాసనలో ఇంకేదో వాసన కలిసింది. జ్వరం వచ్చిన మనిషి పక్కబట్టల వాసన. వెచ్చటి, పులిసిన చెమట వాసన.

బల్ల మీద చర్మం రాసుకున్న చప్పుడు.

సగం చాపిన మోకాలు... మెల్లిగా... పైకి లేస్తోంది.

కండరాలు బిగుసుకుని ఉంటాయి, కట్టు వదిలి ఉంటుంది, ఏదో ఒకటి అయి ఉంటుంది అనుకున్నాను. అనుకుంటూనే రెండడుగులు వెనక్కి వేశాను.

"విప్పు."

గొంతు కాదు అది. పళ్ళ మధ్య నుంచి వచ్చిన గాలి. ఆ నోరు తెరుచుకోలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

"విప్పవే..."

కత్తెర నా చేతిలోనే ఉంది. ఒక్క కోత చాలు, ముడి ఊడిపోతుంది. కానీ ఆ ముడి పోతే మా చెల్లి మాట నమ్మేదెవరు? నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. ఫోటో తీసి చూపిస్తే ఎవరిదో ఏమిటో అంటాడు మా అన్నయ్య. వాడు దాన్ని వాడి కళ్ళతో చూడాలి, వాడి చేత్తో ముట్టుకోవాలి.

"రేపు," అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. "వాడు చూడనీ. రేపు విప్పుతాను."

మోకాలు అలాగే నిలబడి ఉంది. నేను తలుపు వేసి పరిగెత్తినంత పని చేశాను.

మర్నాడు అన్నయ్య రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఒక రోజు ఆపరేషను, ఒక రోజు పెళ్ళి, ఒక రోజు ఒంట్లో బాలేదు. పరీక్ష అయిపోయింది, పిల్లలు వచ్చిపోతూనే ఉన్నారు. పగలంతా మోకాలమ్మ అందరు శవాల్లాగే పడుకునేది. సాయంత్రం నేను ఒక్కదాన్నే తడిబట్ట కప్పడానికి వెళ్ళినప్పుడు మాత్రం ఆ చెమట వాసన. "విప్పు." నేను "రేపు" అనేదాన్ని. రోజూ అదే మాట. భయం లేక కాదు. కానీ భయం కంటే కోపం పెద్దది నాకు. ఎక్కడ చూసినా మా చెల్లి మంచం మీద మోకాలు ముడుచుకుని పడుకున్న తీరే కనిపించేది. ఈవిడ తీరూ అదే.

"నీకు అయిపోయింది కదా తల్లీ, దానికి ఇంకా కాలేదు," అని ఒకసారి ఆవిడతోనే అరిచాను. "కాస్త ఓర్చుకో!"

ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు.

చివరికి ఒక సాయంత్రం వర్షంలో తడిసి వచ్చాడు అన్నయ్య. గొడుగు తలుపు దగ్గర పడేసి, "ఏమిటే నీ గోల? పేషెంట్లని వదిలేసి వచ్చాను," అన్నాడు. నేను నేరుగా బల్ల దగ్గరికి నడిచాను. బట్ట తీసి, పొర ఎత్తి, లైటు దగ్గరికి లాగాను.

చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఎవరు వేశారో ఎలా తెలుస్తుంది?"

"నా జడకి వేసిన ముడి నాకు తెలీదా?"

వాడు అప్పుడు మోకాలమ్మ మొహం వైపు చూశాడు. వాడి గొంతు తగ్గింది.

"ఈవిడా... ఈవిడ నా వరండాలో కూర్చునేది. ఎప్పుడు చూసినా కాలు ముడుచుకుని అక్కడే. మండుతోంది అనేది, ఇంకో మాట లేదు. ఏమీ లేదని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరికి పంపించేశాను."

"చెల్లికి చెప్పినట్టే."

"ఇలాంటివి ఎక్కడో ఒకటి జరుగుతాయి. ఎవరైనా కావాలని చేస్తారా?"

"కావాలని చెయ్యలేదు సరే. నొప్పి అన్నప్పుడు వినొచ్చుగా! ఇప్పుడైనా చెల్లి కుట్టు విప్పు. డిపో వాళ్ళకి నేనే పొరపాటు చేశానని చెప్పు."

"పిచ్చా నీకు? ఆ మాట ఒక్కసారి బయటికి వస్తే, నేను కోసిన ప్రతివాడూ కాలు పట్టుకుని నా గుమ్మం ముందు కూర్చుంటాడు. దాని సంగతి వేరు, దానికి ఏమీ లేదు."

"ఏ మొహం పెట్టుకుని అంటున్నావ్ ఆ మాట?"

వాడు ముందుకి వంగాడు. బల్ల మీదున్న కత్తెర అందుకున్నాడు, ఎడంచేత్తో. నేను అడ్డు పడేలోపే ముడికి పైన ఒక కోత, కింద ఒక కోత. ముడితో సహా నరం ముక్క చేతి రుమాల్లో చుట్టేసి, ప్యాంటు కుడి జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంక ఏమీ లేదు," అన్నాడు. "చూసుకో."

ఒళ్ళు మండి వాడి చొక్కా పట్టుకున్నాను. అన్నయ్య అని కూడా చూడలేదు, నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నన్ను తోసేశాడు. అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. వాన చప్పుడు. కుళాయి చప్పుడు ఆగిపోయింది... ఎన్నేళ్ళుగానో ఆగనిది ఆగిపోయింది. ముక్కుల్లోకి ఆ చెమట వాసన గుప్పుమంది.

"ఇలా ఇవ్వు," అంది ఆ గాలి. నా వైపు కాదు.

"ఎవరది?" అన్నాడు అన్నయ్య.

బల్ల వైపు నుంచి గాజుగుడ్డ జారి నేల మీద పడ్డ చప్పుడు. మెత్తగా. తడిగా. తర్వాత పాదాల చప్పుడేదీ వినిపించలేదు. ఎవరూ నడవలేదు. కానీ అన్నయ్య అరిచాడు. వాడు చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడు కూడా అలా అరవలేదు.

కరెంటు వచ్చేసరికి గుమ్మం దగ్గర పడి ఉన్నాడు. కుడి మోకాలు కడుపు దాకా ముడుచుకుని, కుడి అరచెయ్యి గజ్జ మీద అదిమి పెట్టుకుని. "మండుతోందే... తీసెయ్... జేబులోది తీసెయ్..." అంటున్నాడు. రుమాలు లాగి విప్పాను.

తడి మరక ఒకటుంది. అంతే. ముక్క లేదు, ముడి లేదు.

ఆ తర్వాత సంగతి వింటే మీరు నవ్వుతారు. నేనైతే నవ్వాను. వాడికి తెలిసిన పెద్ద పెద్ద డాక్టర్లంతా చూశారు. స్కానింగులు తీశారు. ఎప్పుడూ కత్తి పడని కడుపు వాడిది, మచ్చ కూడా లేదు. "ఏమీ కనిపించట్లేదు సార్, పని ఒత్తిడి కావచ్చు, కాస్త మనసు ప్రశాంతంగా ఉంచుకోండి," అన్నారు. వాడి స్నేహితుడే ఒకడు నిద్రమాత్రలు రాసిచ్చాడు. వదిన ఫోను చేసి, "మీ అన్నయ్య పంచె కూడా ఒంటి మీద ఉంచుకోలేకపోతున్నారు," అని ఏడిచింది. డ్యూటీ బద్ధకమేమో వదినా అందామని నాలిక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

అంత నరకంలోనూ వాడు చెల్లి మాట ఒప్పుకోలేదు. నాదేదో వేరే జబ్బు, దానిది నాటకం, అంతే అనేవాడు. నెలాఖరు దగ్గర పడింది. డిపో వాళ్ళు చెల్లిని మళ్ళీ పిలిచారు.

మర్నాడు పొద్దున్నే హాలు తెరిచాను. ఎండ కిటికీల్లోంచి బల్లల మీద పడుతోంది. బయట మైదానంలో పిల్లలు బంతాట ఆడుకుంటున్నారు. మోకాలమ్మ కాళ్ళు రెండూ తిన్నగా చాపుకుని పడుకుంది, హాయిగా, ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళలా. కుడి చెయ్యి బల్ల అంచున ఉంది. పిడికిలి బిగించి ఉంది.

ఆ పిడికిట్లోంచి నల్ల దారం.

సన్నటి దారం. బల్ల అంచు మీంచి దిగి, నేల మీదికి కాస్త ఎత్తులో, తీగలా బిగుసుకుని, తలుపు కింద సందులోంచి బయటికి పోతోంది. తలుపు తీసి చూశాను. వరండాలో లేదు. తలుపు వేస్తే ఉంది. అప్పుడప్పుడు కాస్త వదులై, మళ్ళీ బిగుస్తోంది. అవతల కొసన ఎవరో మంచం మీద పక్కకి ఒత్తిగిలినట్టు.

నేనేం చేశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇన్నేళ్ళుగా చేతికి అలవాటైన పని. రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా లాగాను. ఎటు పోతోందో తెలుసుకోవాలి కదా.

కొంగులో ఫోను మోగింది.

"ఎవరో... ఎవరో లోపల పట్టుకుని లాగారే!" అన్నయ్య. ఊపిరి అందట్లేదు వాడికి.

"చెల్లి కుట్టు విప్పించు," అన్నాను.

"ఇప్పుడు అదా..."

ఇంకోసారి లాగాను. ఈసారి మెల్లిగా కాదు.

ఆ అరుపుకి ఫోను చెవి నుంచి దూరంగా జరిపాను. కానీ వేళ్ళు వదల్లేదు. మా చెల్లి రాత్రుళ్ళు పిల్లలు లేస్తారని దిండు కొరుక్కుని ఏడ్చింది. వాడు అరిస్తే అరవనీ.

"చేయిస్తాను... చేయిస్తానే, వదలమను... నేనే కట్టేశానని చెప్తాను, డిపోకీ చెప్తాను... వదలమను..."

మాట నిలబెట్టుకున్నాడు. గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, పొరపాటు తనదేనని ఇంకో సర్జనుతో, డిపో వాళ్ళతో అందరి ముందూ చెప్పాడు. చెల్లిని మళ్ళీ తెరిచారు. నేను పక్కనే నుంచున్నాను. నరం మీద నల్ల దారం, రెండు మెలికలు, చివర్లో ఇంకో ముడి. ఆ సర్జను దాన్ని కత్తిరించి పళ్ళెంలో పడేశాడు. స్పృహ వచ్చాక చెల్లి మెల్లిగా కాలు చాపింది. పూర్తిగా చాపింది. "అక్కా, చల్లగా ఉందే," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పుండు మానాక బండెక్కింది. మొదటి రోజు డ్రైవరు వెనక సీట్లో నేనే కూర్చున్నాను. మలుపులో అది బ్రేకు తొక్కుతుంటే దాని కాలు వంకే చూస్తూ కూర్చున్నాను, ఎక్కడా తొట్రుపడలేదు.

అన్నయ్య మంట మాత్రం తగ్గలేదు. "ఆవిడ్ని విప్పమనవే," అని రోజూ ఫోను. వెళ్ళి చెప్పాను కూడా, మొక్కుబడిగా. పిడికిలి తెరుచుకోలేదు, ఆ దారం నాకు తప్ప ఎవరికీ కనిపించనూ లేదు. నాకు జాలి వెయ్యలేదు. ఎందుకు వెయ్యాలి?

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మా విద్యా సంవత్సరం అయిపోయింది. వాడిన శవాల్ని దహనానికి పంపించే రోజు ఇవాళ. బండి వస్తుందని అటెండరు బాబాయి పొద్దున్నే చెప్పాడు. ఆఖరిసారి బట్ట సర్దుదామని మోకాలమ్మ దగ్గరికి వెళ్ళాను. అన్నయ్య దారం అలాగే ఉంది, బిగుసుకుని, తలుపు వైపు.

పిడికిట్లో ఇంకో దారం ఉంది.

ఇది పసుపుపచ్చది. నరాలకి కట్టడానికి నేను వాడే దారం. ఇది తలుపు వైపు పోవట్లేదు. వదులుగా బల్ల మీంచి జారి, నేల మీద మెలికలు తిరిగి, నా చెప్పుల దగ్గరికి వచ్చి... నా చీర కుచ్చిళ్ళ కిందికి పోయింది.

మొదట నాకు వచ్చింది కోపమే. నిజం. నేనేం చేశాను? నరాన్ని కట్టింది నేనా? నొప్పి లేదన్నది నేనా? ఆ ఉబ్బు చూసి నీకు మంట ఉందని నమ్మింది నేనొక్కదాన్నేగా! ఆవిడ మొహం మీదే అరిచాను. కత్తెర తీసి కోశాను. కత్తెర రెండు అంచులూ కలుసుకున్నాయి, దారం అలాగే ఉంది. మళ్ళీ కోశాను. మళ్ళీ.

కుళాయి చప్పుడు ఆగిపోయింది.

వెనక గేటు తీస్తున్నారు. బండి హారను వినిపించింది. ఆవిడ్ని ఎత్తి బండిలో పెట్టుకుని, ఊరి బయటికి తీసుకెళ్తారు. దారం ఎంత పొడుగుందో నాకు తెలీదు. పొత్తికడుపు కింద కుడి వైపు వెచ్చగా ఉంది... ఇంకా మంట కాదు. వెచ్చగా, అంతే.

వంగి, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టాను. నా జన్మలో ఎవర్నీ అంత మెల్లిగా బతిమాలలేదు.

"విప్పు," అన్నాను. "విప్పు తల్లీ."

పళ్ళ మధ్య నుంచి గాలి వచ్చింది, వెచ్చగా, నా చెంప మీదికి.

"రేపు."